నలభయ్యో శాంపిలు

మళ్ళీ అదే అడుగుతారేటండీ హారతి మేడం? మొన్న ఫోన్లో అడిగేరు. నిన్న మా ఊరొచ్చి అడిగేరు. ఇవాళ పనిగట్టుకుని చోడవరం రమ్మని, మీ సర్వే ఆఫీసులో కూకోబెట్టి మళ్ళీ అడుగుతన్నారు. నాకు తమ్ముడి వరసైన ఆ దాసు ఏ నీళ్ళు తాగుతాడు? బోరు నీళ్ళే, ఊరంతా తాగేవే. ఏటి తింటాడు? అందరం తినేదే. ఇంకేటి సెప్పమంటారు నన్ను!

ఆ ఫేను కాస్త పెంచండమ్మా. సెమట్లు పట్టేస్తన్నాయి.

కోపమా? మీ మీద కాదులెండి. పద్నాలుగేళ్ళయింది నేను ఆశా వర్కరుగా సేరి. మా ఊరికి పరిశోధనలని ఎంతమంది వచ్చేరో మీకు తెలుసా? ఒకాయన సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయేడు. ఒకావిడ ఆడోళ్ళని వరసగా కూకోబెట్టి నూటపాతిక ప్రశ్నలేసింది. ఎన్ని కాన్పులు, ఎన్ని పోయేయి, ఎందుకు పోయేయి... ఇంకో బేచ్ వచ్చి పిల్లల గోళ్ళు కత్తిరించి కవర్లలో ఏసుకెళ్ళేరు. గోళ్ళండీ!

ఆళ్ళందర్నీ ఇల్లిల్లూ తిప్పిందెవరు? నేనే. "రిపోర్టులు పంపిస్తాం నూకరత్నం" అనీసి కారెక్కేసేవోరు. పంపేరా? ఒక్క కాగితం ముక్క? అచ్చియ్యమ్మని ముసల్ది ఉండేది మా వీధిలో. నేను అగుపడితే సాలు, "నా రగతంలో ఏటుందన్నారే?" అనడిగేది. రెండేళ్ళు అడిగింది. అడుగుతానే పోయింది. ఊళ్ళో మొకం ఎక్కడ పెట్టుకోను నేను?

అందుకే మూడేళ్ళ కిందట మీ కిడ్నీల సర్వే వచ్చినప్పుడు నాకు మనసొప్పలేదు. మీరప్పుడు లేరు, మీ ముందరోళ్ళు. సెరుకు కొట్టేవోళ్ళు, ఎండలో పనిచేసేవోళ్ళు మా ఊర్నించి నలభై మంది కావాలన్నారు. ఒక్కళ్ళు తగ్గినా ఊరు మొత్తం లెక్కలోంచి తీసేస్తారంట. బతిమాలేను, తిట్టేను, టిఫినెడతారని ఆశ పెట్టేను. ఎలాగోలా నలభై చేసేను.

ఆ తరవాతేటయింది? నాలుగు నెలలకి కవర్లు వచ్చేయండీ! పేరుపేరునా, తెలుగులో. తొమ్మిదిమందికి కిడ్నీ పాడవుతందని రాసేరు. ఆళ్ళని వెంటబెట్టుకుని ఆసుపత్రికి నేనే తీసికెళ్ళేను. ఇవాళ్టికి మందులేసుకుని బాగున్నారు. నేనెందుకు కాదంటాను? మీ వోళ్ళు మంచి పనే చేసేరు.

దాసుది మాత్రం అంతా నార్మల్ అనొచ్చింది. ఆ కాగితం వడ్డాది బజారుకి పట్టుకెళ్ళి ప్లాస్టిక్ ఏయించుకొచ్చేడు. "సూసేవా అప్పా, నా కిడ్నీలు ఇనప కిడ్నీలు" అని ఊరంతా సూపించుకున్నాడు. పగలంతా సెరుకు లోడెత్తడం, ఒళ్ళు నొప్పులని మందుల షాపులో ఆ నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగడం. రోజుకి రెండు, ఒక్కోనాడు మూడు.

పోయినేడు వానల్లో కాళ్ళు పొంగేయి. ఆళ్ళావిడ చిన్నతల్లి వచ్చి, "వదినా, ఓపాలి సూద్దువు గాని రా" అంది. ఎళ్ళేను. ఏలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "టెస్టు సేయించుకోరా" అన్నాను. "సేసేరు కదప్పా, నార్మలే కదా" అని నవ్వేడు. సంక్రాంతి ఎళ్ళిన వారానికి ఊపిరందక విశాఖపట్నం తీసికెళ్తే, రెండు కిడ్నీలూ పోయేయన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళండీ ఆడికి. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. మీకు తెలిసిందే కదా, ఫైల్లో అంతా రాసే ఉంది.

ఏటీ? పరిశోధన పేపరా?

ఆడి మీద ఒక్కడి మీదే?

అంటే... మూడేళ్ళ కిందట శుభ్రంగా ఉన్న కిడ్నీలు ఇంత బేగి పోడం ఎక్కడా సూడలేదు, కొత్త జబ్బేమో అని రాస్తారా? ఢిల్లీలో మీటింగులో సెప్తారా? మా ఊరి మట్టి, మా ఊరి బోరు నీళ్ళు మళ్ళీ సీసాలకెత్తుతారా? దాసుని కూడా ఢిల్లీ తీసికెళ్తారా!

వద్దు మేడం. రాయకండి.

వద్దంటే వద్దంతే. ఎందుకేటి, ఎందుకు! పెన్ను కింద పెట్టండి ముందు. తలుపు కూడా దగ్గరగా ఏయండి.

ఆ రగతం దాసుది కాదు.

నాది.

అలా సూడకండమ్మా. సెప్పనివ్వండి. ముందురోజు రగతమిస్తానని సంతకం పెట్టేడు, ఏలు గుచ్చి సుగరు సూసేరు, ఆడి పేరుతో సీసా మీద నంబరు కూడా అంటించేసేరు. తెల్లారి ముప్పైతొమ్మిది మంది వచ్చేరు, ఆడు రాలేదు. ఫోన్ చేస్తే, "అప్పా, గోవాడ సుగరు ఫేక్టరీకి లోడెత్తతన్నాం, ట్రాక్టరు కదిలిపోద్ది, ఈపాలికి నేనొల్లను" అని పెట్టేసేడు. రగతం తీసే బాలు ఐసు డబ్బా సర్దీసి నా మొకం సూస్తన్నాడు. కొత్తగా ఉద్యోగంలో సేరేడు. ఆడికీ నలభై కావాలి, నాకూ నలభై కావాలి. ముప్పైతొమ్మిది మందిని నిద్దర్లోంచి లేపి తీసుకొచ్చేనండీ, ఆ ఒక్కడి కోసం మొత్తం పోద్దా? సెయ్యి సాపేను. "ఎవరిదైతే ఏటి, రిపోర్టులు వచ్చి సస్తాయా" అని నేనే అన్నాను బాలుతో. ఆణ్ణేటీ అనకండి.

అదే మేడం నా ఏడుపు. పద్నాలుగేళ్ళలో ఎవరూ పంపలేదు. మీరొక్కళ్ళే పంపేరు.

కవరు ఆడి సేతికిచ్చిన రోజే సెప్పాల్సింది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు సెప్పేద్దామనే అనుకున్నాను. ఆడు కాగితం సూసి, ఏలు గుచ్చి తీసిన ఆ సుక్కతోనే టెస్టు సేసేరనుకుని, పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పేడు. సెప్పకుండానే తిరిగొచ్చీసేను. కాళ్ళు పొంగినప్పుడు టెస్టు సేయించుకోమన్నాను కదా? అన్నాను. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే ఎందుకో సెప్పాలి కదా!

ఆడు ఆరోజు వచ్చి రగతం ఇచ్చుంటే తెలిసుండునా? ఆ బిళ్ళలు మానీసుండునా? డాక్టరు మీరు, మీరే సెప్పండి.

అప్పటికే పాడయ్యేయో, ఆ తరవాత పాడయ్యేయో, ఆడి రగతమే లేనప్పుడు మీకు మాత్రం ఎలా తెలుస్తాది? ఇంకెన్ని పరిశోధనలు చేసినా తెలీదు.

మా ఆసుపత్రి డాక్టరు మేడంగారికి సెప్తారా, ఉద్యోగం తీయిస్తారా, మీ ఇష్టం. కాగితమియ్యండి, రాసి సంతకం పెడతాను. మా ఊరి నీళ్ళ జోలికి మాత్రం ఎళ్ళకండి.

దాసుకా? ఏమో. రేపు మంగళారం, డయాలసిస్సు. ఆటోలో పక్కన కూకుని తీసికెళ్ళేది నేనే. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, "నువ్వు లేకపోతే ఏటైపోదునప్పా" అంటాడు. పెతీసారీ అంటాడు.

ఎలా సెప్పమంటారు?