బండ్ల డబ్బు బండ్లకేనా?

కువైట్‌లో మేముండే ఖైతాన్‌లో హుస్సేన్ వలి టీ అంగడి దగ్గర ఆ శుక్రవారం బండ్లోళ్లంతా చేరినారు. మమ్మల్ని పనిండ్ల కాడ దించే డ్రైవర్లు బండికింతని నెలనెలా సంఘానికి చందా కడతారు. ఆ డబ్బు బండ్ల రిపేరికీ పోతాది, జబ్బు చేసినోళ్లను ఊరికి పంపే టికెట్టుకీ పోతాది. ఇంగ మీదట బండ్ల డబ్బు బండ్లకే వాడాలని నాగేంద్రప్రసాద్ అనే డ్రైవరు తీర్మానం పెట్టినాడు. మా మాదిరే ఇండ్లల్లో పనిచేసి మోకాళ్లు పోయి, ఆ టికెట్టు కోసమే కాచుకున్న మద్దమ్మక్క అక్కడే కూర్చోనుంది.

బల్లమీద రెండు పళ్లేలు పెట్టినారు. ఒకటి సరేకి, ఒకటి వద్దుకి. డ్రైవరు తన బండి తాళంచెవి ఏ పళ్లెంలో వేస్తే దానికి ఓటు. జుమ్మా నమాజుకు వలి అంగడి మూసేలోపల అయిపోవాల.

రామాంజులన్న లేచినాడు. ఆయనా డ్రైవరే.

"ఇట్లాంటి తీర్మానాన్నే పోయినేడు సులైబియా గోడౌన్లో ఒంటిగా నిలబడి కొట్టేసినోణ్ణి నేను. ముందు ఊరికే దగ్గినా, అంతే. ఆడుండే జనమంతా గమ్మునైపోయినారు."

"దగ్గుకేనా?" అనింది శివపార్వతి, సాల్మియాలో పిల్లోళ్లను చూసుకునే పిల్ల.

"నా దగ్గు నీకు తెల్దు పాపా. 'టైరు అరిగితే కొత్తది దొరుకుతాది, మనిషి అరిగితే ఏ అంగట్లో దొరుకుతాడబ్బా' అంటి. డ్రైవర్లు ఏడ్సినారు. ఏడిస్తే ఏడ్సినారులే, ఆ కన్నీళ్లు గోడౌన్లో మడమల దాకా నిలిచినాయి. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? బయట నిలబెట్టిన బండ్లు వాటికవే హారన్లు కొట్టినాయి. లోపల మనిషి లేడు."

నాకు అబద్ధమని తెలుసు. అయినా తెరిచిన నోరు మూయలేకపోతి.

"ఆ మోతకు ఆరో రింగు రోడ్డుమీద లారీలు నిలిచిపాయ. నిలిస్తే పోలీసులు రారా? వచ్చినారు. అరబ్బీలో నాలుగు మాటలు చెప్తి. పెద్దాయన టోపీ తీసి, 'నీ మాటే మాట, ఖలాస్' అన్నాడు."

"నీకు యల్లా, పదపద అనేది తప్ప అరబ్బీ రాదు కదన్నా," అనింది శివపార్వతి.

"ఆ పొద్దు వచ్చింది. వినండి మీరు. పైన పోయే విమానం ఆగింది. ఆకాశంలో, ఉన్నచోటనే. పైలెట్టు కిటికీలోంచి తలకాయ బయట పెట్టి, 'రామాంజులన్నా, నా ఓటూ వద్దుకే, టికెట్టు లేకుంటే పాయ, అక్కల్ని నా పక్కన కూర్చోబెట్టుకోని పోతా' అన్నాడు. రాయచోటాయన."

మద్దమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. మోకాళ్లు పడిపోయినాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఇంగ ఆ విమానం కదలాలంటే నేను..."

"అన్నా, దాన్ని ఆడనే ఉండనీ," అనింది శివపార్వతి. "నువ్వు చెప్తాండంగానే అందరూ తాళాలేసేసినారు. రెండు పళ్లేలూ సమానం. నీదొక్కటే లేదు. వలన్న షట్టరు సగం దించినాడు చూడు."

అన్న జేబులు తడుముకున్నాడు. మొగం తెల్లబోయింది.

"బండ్లోనే ఉండాది," అన్నాడు మెల్లగా. "ఏసీ చల్లదనం పోతాదని ఇంజను ఆపకుండా వచ్చినా."

ఆ బండి రెండు వీధుల అవతల ఉంది. లారీల్ని ఆపిన మనిషి లుంగీ ఎగ్గట్టి, చెప్పులు వదిలేసి, ఆ ఎండలో పరిగెత్తినాడు. వలి షట్టరు పట్టుకొని అట్లే నిలబడినాడు, దించలా, ఎత్తలా. నాగేంద్రప్రసాద్ కూడా వీధివైపే చూస్తాండాడు.

వచ్చినాడు. ఎగరోజుకుంటా షట్టరు కింద వంగి, వద్దు పళ్లెంలో తాళం వేసినాడు. బల్ల పట్టుకొని ఆడనే చతికిలబడినాడు.

మద్దమ్మక్క నీళ్ల సీసా చేతికిచ్చి, "నాయినా, విమానం సంగతి నేను నమ్మలా," అనింది. "ఇది మాత్రం ఊర్లో అందరికీ చెప్తా."