అల్లుడి ఎదుటపడని ఆచార్యురాలు

1996 ఆగస్టు పందొమ్మిదవ తేదీన శ్రీమతి ఎర్నెస్టీన్ కెస్సే గారు మన అపాచీ తెగ నడిపే జునిపర్ ఫ్లాట్ అపాచీ కళాశాలలో అపాచీ భాషాబోధకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆనాటికి కళాశాల అన్న గంభీరమైన పేరే గాని, చక్రాలు ఊడదీసి నేలకు దించిన రెండు రేకుల గదులూ, ఒక నల్లబల్లా, పైకప్పు మీద నిర్విరామంగా పరుగులు తీసే ఉడుతలూ తప్ప మరేమీ లేవు. ఏ భాషలో మాట్లాడినందుకు చిన్ననాట తెల్లవారి హాస్టలు బడిలో తనను గోడవైపు తిప్పి నిలబెట్టారో, అదే భాషను నేర్పడానికి నెలనెలా జీతమిస్తామని కబురు వచ్చినప్పుడు వారికి నవ్వు ఆగలేదట. ఆ నవ్వు ముఖంతోనే వారు తొలి తరగతిలో అడుగుపెట్టారు.

పాఠ్యపుస్తకాలు లేని ఆ తొలి సంవత్సరాలలో కొండలే వారికి పుస్తకాలయ్యాయి. ఎండాకాలం చివర విద్యార్థులను ఓక్ చెట్ల కిందికి తీసుకుపోయి, రాలిన ఓక్ గింజలు ఏరిస్తూ క్రియాపదాలు నేర్పేవారు. ఆ గింజలు దంచి పొడిచేసి మాంసంతో పులుసు కాచాక, గిన్నె చాపిన ప్రతివారూ అపాచీలోనే అడగాలి. ఆకలి కన్నా మంచి వ్యాకరణం లేదని వారి సిద్ధాంతం. నక్క కథలు పాములు నిద్రపోయే చలికాలంలో తప్ప చెప్పరాదన్న పెద్దల కట్టుబాటును మన్నించి, ఏడాది పాఠ్యప్రణాళికనంతా రుతువుల ప్రకారం మార్చి రాయించిన ఘనత కూడా వారిదే. వసంతంలో తనిఖీకి వచ్చిన అతిథులు ఒక్క నక్క కథ వినిపించమని ఎంత బతిమాలినా, "డిసెంబరులో రండి, తిండి కూడా పెడతాను" అని నవ్వుతూ సాగనంపారు.

తరువాత రెండేళ్ల భాషాబోధన కోర్సు ఏర్పడింది, రేకుల గదుల చోట రాతి భవనం లేచింది, వారి శిష్యులు ఊరూరా బడుల్లో ఉపాధ్యాయులయ్యారు. అయినా కొన్నేళ్లుగా వారిని ఒక్క దిగులు వెన్నాడుతూనే ఉంది. కోర్సుకు పెద్ద దిక్కుగా నిలబడగల వారసుడు దొరకకపోతే, వారి విరమణతోపాటే దాన్ని మూసివేయక తప్పదని తెగ పాలకమండలి చెప్పేసింది. శిష్యుల్లో చదువున్నవారికి నానమ్మల నాటి మాట పట్టుబడలేదు. మాట పట్టుబడినవారికి చదువు మీద మనసు లేదు. రెండూ ఉన్న మనిషి ఒక్కరే కనిపించారు. వారు అడవి మంటలార్పే దళంలో పనిచేసి, ఆ తరువాత పట్టా పుచ్చుకున్న శ్రీ డార్విన్ అల్టాహా గారు. చిక్కల్లా, వారు ఎర్నెస్టీన్ గారి కుమార్తె రొవీనాకు భర్త కావడమే.

అల్లుడు అత్తగారి ఎదుట పడకపోవడం మన అపాచీలలో అన్నిటికన్నా పెద్ద మర్యాద. ఈ రోజుల్లో చాలా ఇళ్లు ఆ ఆచారాన్ని వదిలేశాయి గాని, కెస్సే గారి ఇల్లు వదల్లేదు. మన డీన్ గిల్బర్ట్ నోస్కర్ గారు మనవారే అయినా, ఫీనిక్స్ నగరంలో పెరిగినందువల్ల ఈ సంగతి మరిచి, శిక్షణ కోసం ఇద్దరినీ ఒకే గదిలో, ఒకే వేళకు వేసేశారు.

"ఏమయ్యా గిల్బర్టూ! నా అల్లుణ్ణి తెచ్చి నా ఎదురుగా కూర్చోబెడతావా? పాపం, ఆయనేం తప్పు చేశాడు?"

"శిక్షణ కదమ్మా! మొహం చూడకుండా ఎలా నేర్పుతారు?"

"మీ అత్తగారు టెక్సాస్‌లో ఉంది గనక నీకు సరిపోయింది. పక్కింట్లో ఉంటే నువ్వూ నేర్చుకునేవాడివి."

చివరకు గది మధ్యన తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. ఇవతల ఆవిడ, అవతల ఆయన, మధ్యలో రాయబారులుగా విద్యార్థులు. "అవతల ఉన్నాయన వాగుకి ఎగువన అంటాడో, దిగువన అంటాడో కనుక్కోండి" అని ఆవిడ అడిగితే, జవాబు కూడా అదే దారిలో వచ్చేది. ఒకనాడు పాఠం మంచి పట్టులో ఉండగా తాడు తెగి దుప్పటి జారిపడింది. అడవి మంటలకు జంకని డార్విన్ గారు ఒక్క ఉదుటున కిటికీ దూకేశారు. ఎర్నెస్టీన్ గారు శాలువా మొహం మీదికి లాక్కుని, వాక్యాన్ని ఆపిన చోటి నుంచే పూర్తి చేశారు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

గత వసంతంలో అసలు పరీక్ష వచ్చింది. డార్విన్ గారు పాలకమండలి పెద్దల ముందు ఒక పాఠం చెప్పాలి. అది పనికొస్తుందో లేదో ఎర్నెస్టీన్ గారు తేల్చాలి. వారు వసారాలో కిటికీ పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. లోపల డార్విన్ గారు మంటల్లో కాలిన ఒక లోయ పేరునూ, ఆ పేరు వెనకనున్న పెద్దల కథనూ చెబుతుంటే విద్యార్థులు మాటకు మాట అందించారు. పాఠం ముగిసింది. ఎర్నెస్టీన్ గారు తీరిగ్గా శాలువా మడత పెట్టుకుంటున్నారు. తీర్పుకు తొందరపడకపోవడం మనకు మామూలే, గిల్బర్ట్ గారు మాత్రం ఆగలేక వసారాలోకి వచ్చేశారు.

"ఏదో ఒకటి చెప్పండమ్మా. ఉన్న కోర్సు ఉంటుందో పోతుందో మీ మాట మీదే ఉంది!"

"మా అమ్మ ఇలాగే మాట్లాడేది. మళ్లీ వింటాననుకోలేదు" అన్నారు వారు. "ఇంక నేను ఇంటికి పోవచ్చు. రొవీనా, మీ ఆయనకి చెప్పు."

వసారాలో తల్లి పక్కనే ఉన్న రొవీనా కిటికీలోంచి లోపలికి తొంగిచూసింది. "వినబడిందిలే అమ్మా. ఏడుస్తున్నాడు."

"పిల్లలు ఎదురుగానే ఉన్నారుగా? ఏడవడాన్ని మన మాటలో ఏమంటామో అదీ నేర్పెయ్యమను."

ఆ మధ్యాహ్నమే పాలకమండలి కోర్సును కొనసాగించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ వారంతో ఎర్నెస్టీన్ గారు పదవీ విరమణ చేస్తున్నారు, వచ్చే సోమవారం డార్విన్ గారు వారి పీఠాన్ని అధిష్ఠిస్తున్నారు. ఒక భాష చేతులు మారడం మేము కళ్లారా చూశాము. మాకు ఇంతకన్నా సంతోషం లేదు.

అలసట ఎరుగని మా ఎర్నెస్టీన్ గారికి కంటిచూపు, కాలి సత్తువ, నోటి చురుకు ఏమాత్రం తగ్గకుండా నిండు నూరేళ్లూ నిలవాలనీ, మనవలూ మునిమనవలూ ఆవిడతో అపాచీలోనే పోట్లాడాలనీ సహోద్యోగులమందరమూ మనసారా కోరుకుంటున్నాము. విరమించినంత మాత్రాన ఆవిడ ఊరుకునే మనిషి కారని మాకు తెలుసు. కనుక ఆవిడ నడవాలో వస్తున్న అలికిడి విని, డార్విన్ గారు చెబుతున్న పాఠం అక్కడికక్కడే ఆపి వెనక గుమ్మం వెతుక్కునే రోజులు ఇంకా ఏళ్ల తరబడి రావాలి.