బాయిగడ్డ మీద కుమ్మరి సారె

మట్టెవాడలో బావి గట్టున, నీళ్ళలోంచి తీసిన పిల్లను బోర్లా పడుకోబెట్టి దవాఖాన కంపౌండర్ వీపు అదుముతున్నాడు. ముసలి కుమ్మరి తన సారెను నెత్తిన పెట్టుకొని ఉరికొచ్చాడు.

“జరుగు సారూ! పిల్లను సారె మీద ఏసి తిప్పాలె. నీళ్ళు కక్కుతది.”

“నీళ్ళు కక్కుతది గని ఊపిరి రాదు, తాతా. ఇప్పటిదాంక ఎంతమందిని తిప్పినవ్?”

“తొమ్మిది మందిని.”

“లేచినోళ్ళు?”

“...ఒక్కడు.”

“మరి నన్ను ఆపకు. ఒకటి, రెండు అని అదమాలె. మూడు, నాలుగు అని ఇడవాలె. అబ్బా, నా చేతులు గుంజుతున్నయి.”

“నువ్వు లెక్కవెట్టు, నేను అదుముత. ఇవి మట్టి పిసికిన చేతులు.”

“ఒకటి, రెండు... జర మెల్లగ! పక్కటెముకలు ఇరుగుతయి.”

“పచ్చికుండను పట్టినట్టే పట్టిన. నువ్వు లెక్క ఆపకు!”

“మూడు, నాలుగు... తాతా, దగ్గింది! సూడు, ఊపిరి తీస్తాంది!”

“బతికింది బిడ్డ... సారూ, ఇట్ల అదిమి ఊపిరి తెప్పిచ్చే ఇగురం ఎప్పటి సంది ఉన్నది?”

“ఇంగ్లీషు దొరల దేశంల నలభై ఏండ్ల సంది ఉన్నది.”

“నా బిడ్డను ఈ సారె మీద తిప్పి ఎనిమిదేండ్లే అయితాంది.”