సుత్తెలు ఆగిన వారం

ఎనబై ఆరో సంవత్సరం, శివరాత్రి దాటి చింతపండు దిగే కాలం. కూర్చో వజీరూ. ఆ టీవీ యాంటెనా పైపు దించే మనుషుల్ని రేపు పిల్చుకుందువులే, ఇన్నేండ్లు నిలబడిన పైపు ఇంకొక దినం నిలబడదా ఏమి. మిద్దె మీద దాన్ని సిమెంటు పోసి ఎందుకు పాతినారని గదా నువ్వు అడిగింది. పాతింది మీ తాత నిజాముద్దీనే. మా తమ్ముణ్ణి అడిగితే ఎనబై ఏడు అంటాడు, వాడి మాట పట్టుకోవద్దు, వాడు అప్పుడు కోలారు గనుల్లో ఉండె. ఆరే. నాకు రాత్రి బడిలో అక్షరాలు దిద్దించిన అయ్యవారు ఆ యేడే మదనపల్లికి మారిపోయినాడు, నేనే బస్టాండు దాకా ఆయన పెట్టె మోసినా. కాబట్టి ఆరే. ఏడు కాదు. ఆ, ఏం చెప్తాండా? పైపు.

మీ తాతది పుంగనూరు, కుప్పానికి పెండ్లి చేసుకోని వచ్చినాడు. పెట్రోమాక్సు లైట్లు బాడుక్కి ఇచ్చేది, స్టవ్వులు రిపేరి చేసేది ఆయప్ప పని. మా చింతపండు మండీకి, ఆయప్ప అంగడికి మధ్య ఒకటే గోడ. నేను మండీలో కాటా వేసేవాణ్ణి. మా వీధికి మొదటి టీవీ తెచ్చింది ఆయప్పే, అయితే వీధి అంతా వచ్చి ఆ అంగట్లో కూర్చోలేరు గదా, సాయంత్రమైతే పెట్టె ఎత్తుకొచ్చి మండీ సావిడిలో పెట్టేవాడు. టీవీ అయితే వచ్చింది, తెలుగు మాత్రం రాలే. హైదరాబాదు యాడ, మనం యాడ. కుప్పంలో నిలబడి పైపు తూర్పుకి తిప్పితే మద్రాసు, పడమరకి తిప్పితే బెంగులూరు. మద్రాసు బొమ్మ వానలో తడిసిన మనిషి మాదిరి వచ్చేది. బెంగులూరు బొమ్మ నయం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, సంతలో అరవం, మామగారింట్లో కన్నడం, అట్లాంటి ఊరు మనది. సగం వీధి మద్రాసు పెట్టు అనేది, సగం వీధి బెంగులూరు పెట్టు అనేది. మీ తాత మిద్దెక్కి పైపు కావిలించుకోని నిలబడేవాడు, గాలికి అది తిరక్కుండా. కిందినుంచి మీ అవ్వ బద్రున్నీసా అరిచేది, "ఇంకొంచెం తిప్పండి. చాలు చాలు. అయ్యో, మళ్ళీ పాయె." ఆయమ్మ వచ్చినోళ్ళందరికీ చెప్పేది, "ఊరికంతా టీవీ చూపిస్తాడు మా ఆయన, ఆయన మాత్రం పైపును చూస్తాడు" అని. అది నిజమప్పా. టీవీ తెచ్చినోడు టీవీ చూడలే.

చూడలే అంటే, అదే విచిత్రం. ఏ ఆట నిలుస్తాది, ఏది నిలవదు అని ముందుగా చెప్పేది ఆయప్పే. కొత్తగా అయిదారు సీరియళ్ళు మొదలవుతాయి గదా, ఒక్కొక్కటి రెండు వారాలు పోయేసరికి మిద్దె దిగొచ్చి చెప్పేసేవాడు. "ఆ డాక్టరు కత నక్కో, వద్దు, అది పోతాది. ఆ అత్తా కోడళ్ళది ఉంటాది." అట్లే జరిగేది. డాక్టరు కత ఒకనాడు ఉన్నట్టుండి మాయమై, దాని జాగాలో ఎవరో వీణ వాయించినారు. ఇంగ మీ తాతకు ఎంత పేరంటే, రైలు స్టేషను కాడ టీ అంగడోడు కూడా, "ఏం నిజామన్నా, ఈ తూరి ఏది ఆడతాది?" అని అడిగి, చెప్పినాకనే టీ చేతికి ఇచ్చేవాడు. బొమ్మ సూడకుండా ఎట్ల చెప్తావు అంటే నవ్వేవాడు గాని చెప్పేవాడు కాదు. నాకు తెలిసింది చివర్లో. అయినా నీకు ఇప్పుడే చెప్పేస్తా, లేకుంటే నేను మర్చిపోయినా పోతా.

మండీలో ఆడోళ్ళు వరసగా కూర్చోని చింతపండు గింజ తీస్తారు గదా. ఒక్కొక్కరి ముందర ఒక రాయి, చేతిలో చిన్న ఇనప సుత్తె. టక్కు టక్కు, టక్కు టక్కు. టీవీ సావిడిలోనే పెట్టినా వాళ్ళు పని ఆపేవాళ్ళు కాదు, కొట్టిన పండుకే గదా కూలి. మీ తాత మిద్దె మీద పైపు పట్టుకోని ఆ సప్పుడు వినేవాడు. ఆట బాగుంటే చేయి దానంతట అదే ఆగిపోతాది. సుత్తెలు ఆగినాయంటే ఆ ఆట నిలుస్తాది. టక్కు టక్కు అని నడస్తానే ఉండాదంటే అది పోతాది. అంతే ఆయప్ప జోస్యం. నేను కాటా పక్కనే కూర్చోని ఏండ్లూ పూండ్లూ ఆ సుత్తెలు విన్నా, నాకు తట్టలే.

ఇంగ గోవిందస్వామి. నువ్వు ఎరగవు ఆయప్పని. నీ తల్లి కడుపులో కూడా పడలేదు నువ్వు. ఎండాకాలం గుడి ముందర పందిరేసి దినాల తరబడి వీధినాటకం ఆడతారే, దాంట్లో ఆఖరి దినం చచ్చిపోయే రాజు వేషం ఆయప్పది. తండ్రి కట్టినాడు, ఆ తర్వాత ఈయప్ప. అరవం పల్లెల్లో అరవంలో, మన పల్లెల్లో తెలుగులో. కిరీటం పెట్టి భుజకీర్తులు కట్టి తెర తీసి నిలబడినాడంటే పసిబిడ్డలు ఏడుపు ఆపేసేవాళ్ళు. ఆ ఆటలకి లైట్లు పెట్టింది మీ తాతే. ఆయప్ప మొహం మీద ఎంత వెలుతురు పడాల, యాడ నుంచి పడాల, మీ తాతకి తెలిసినట్లు ఎవరికీ తెలీదు. ఇద్దరూ ఒక పంచె పరుచుకోని పండుకునేవాళ్ళు ఆటలప్పుడు.

ఆ గోవిందస్వామి భార్య గంగులమ్మ. ఆయమ్మ మొగుడి వేషం ఒక్క దినమూ చూడలే. చూడగూడదు. చచ్చే రాజు వేషం కట్టేవాడి పెండ్లాము ఆ పందిరి దిక్కు తల తిప్పగూడదని ఆ ఇంటి కట్టుబాటు. ఊరంతా చాపలెత్తుకోని పోతే ఆయమ్మ ఇంట్లో తలుపేసుకోని కూర్చునేది. డోలు వినిపిస్తాది, మొగుడి గొంతు వినిపిస్తాది, మనిషి కనిపించడు. పొద్దున్నే ఆయప్ప సగం రంగు చెవుల ఎనకాల పెట్టుకోని వస్తే, కొబ్బరినూనె రాసి తుడిచేది. "నాకు దక్కింది ఈ చెవుల కాడ రంగేనమ్మా" అని మీ అవ్వతో అనేదంట. నవ్వతానే అనేదిలే.

మోకాళ్ళు పట్టేసి, ముందటి ఎండాకాలమే గోవిందస్వామి ఇంగ ఆడలేను అన్నాడు. సంక్రాంతికి ముందు, కాదు, అయినాక... ఎప్పుడో ఒకప్పుడు, మద్రాసు టీవీ వాళ్ళు పిలిపించినారు. పల్లె ఆటల ప్రోగ్రాము ఒకటి కొత్తగా మొదలు పెడతాండారంట, వారానికి ఒక ఊరి ఆట. ఆ ఒక్క తూరికి గోవిందస్వామి ఒప్పుకుంటే, మేళం అంతా రైలెక్కి పోయినారు. ఆడినారు, టీవీ వాళ్ళు బొమ్మ పట్టుకున్నారు, వీళ్ళు వచ్చేసినారు. వచ్చినాక ఆయప్ప కిరీటాన్ని మేళంలో వయసు పిల్లోడు వెంకటముని చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కించుకోని, వేషం దించేసినాడు. ఒక తూరి అప్పగించిన కిరీటం మళ్ళీ నెత్తిన పెట్టగూడదు. ఇంట్లో అసలే పెట్టగూడదు. ఇది ఎందుకు చెప్తాండానంటే, నువ్వు అడుగుతావని. ఇంట్లో ఒకసారి కట్టి చూపిస్తే పోయె గదా అని అందరూ అడుగుతారు.

గంగులమ్మ గుడి పూజారిని అడిగింది. "సామీ, టీవీలో వస్తే నేను సూడొచ్చునా?" ఆయన తల గోక్కున్నాడు. కట్టుబాటు పెట్టినోళ్ళకి టీవీ సంగతి తెలీదు గదా. కడాకు, "మనిషి నీ పక్కనే కూర్చోని ఉంటాడు, పెట్టెలో ఉండేది బొమ్మే. బొమ్మకు దోషం లేదు, సూడు తల్లీ" అన్నాడు. అప్పటినుంచి ఆయమ్మకి అదే ధ్యాస. మద్రాసోళ్ళు ఏ వారం వేస్తారో చెప్పలే. వేస్తాము అన్నారు, అంతే. ప్రోగ్రాము వచ్చే దినం మొగుణ్ణి వెంటబెట్టుకోని, ఉతికిన కోక కట్టుకోని వచ్చి సావిడిలో ముందర కూర్చునేది. ఒక వారం ఎవరో కోలాటం, ఒక వారం కరగాటం. "ఈ వారం కాదులే" అని లేచి పోయేది.

అంతలో గాలొచ్చింది. చింతపండు కాలంలో సాయంత్రం గాలి ఎట్ల లేస్తాదో తెలుసు గదా. పైపు విరుచుకోని మండీ పెంకుల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లే. మా మండీ షావుకారు చెంగల్రాయుడు బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకోని, "నిజామూ, నీ పైపును ఇది తూర్పు అది పడమర అని దినానికొక దిక్కు తిప్పితే నా ఆడోళ్ళ నెత్తులు పగిలిపోతాయి. ఒక దిక్కుకి పెట్టి సిమెంటు పొయ్యి. లేదా టీవీ నీ అంగట్లోనే పెట్టుకో" అన్నాడు. న్యాయమే గదా. ఏ దిక్కు అంటే వీధి వీధంతా కొట్లాట. చివరికి అందరూ మీ తాత నెత్తిన పెట్టినారు. "ఏ ఊరి ఆటలు నిలుస్తాయో నీకే తెలుసు గదన్నా, నువ్వు చెప్పిన దిక్కే పెడదాము" అని. గోవిందస్వామి కూడా అదే అన్నాడప్పా. ఆయప్ప నోరు తెరిచి మద్రాసు పెట్టు అని ఉంటే అయిపోయేది. అనలే. "నిజాము మాట తప్పదు" అన్నాడు.

మీ తాత పైపు మళ్ళీ నిలబెట్టి, ఒక వారం మద్రాసు పెట్టినాడు, ఒక వారం బెంగులూరు పెట్టినాడు. మిద్దె మీద నిలబడి విన్నాడు. మద్రాసు వారం అంతా టక్కు టక్కు. పల్లె ఆటలొచ్చిన సాయంత్రం కూడా టక్కు టక్కు. బెంగులూరు వారం సుత్తెలు మూగబోయినాయి. ఒక దినం కాదు, వారమంతా. అంత నిశ్శబ్దం మీ తాత ఎప్పుడూ వినలేదంట. దిగొచ్చి బెంగులూరు అన్నాడు. గోవిందస్వామి భుజం మీద చెయ్యేసి, "ఆ పల్లె ఆటలు నిలవవు భాయ్. నీ వంతు వచ్చేలోపల వాళ్ళే ఎత్తేస్తారు. ఆశ పెట్టుకోవద్దు" అని చెప్పినాడు. గంగులమ్మ పక్కనే ఉండె. పడమర దిక్కుకి పెట్టి సిమెంటు పోసినారు. నేను అప్పుడు ఈడ లేను, సరుకు కోసం సదుం, పుంగనూరు తిరగతాండా. వచ్చి చూస్తే సిమెంటు ఆరిపోయుండాది, మీద తడి గోనెపట్టా కప్పుండారు.

తర్వాత... మామిడి పండ్లు వచ్చినాయి అప్పటికి. వాణియంబాడి నుంచి చింతపండు కొనేదానికి ఒక సేటు వచ్చినాడు. సావిడిలో గోవిందస్వామి కూర్చోనుంటే ఆయప్ప దిక్కే చూసి చూసి, "పెద్దాయనా, మొన్న మద్రాసు టీవీలో కిరీటం పెట్టుకోని రాజు వేషం కట్టింది మీరే కదా? మా ఇంట్లో అందరమూ సూసినాము. మీరు పడిపోయినప్పుడు మా అమ్మ ఏడ్చింది" అన్నాడు. గోవిందస్వామి ఆయప్పకి చేతులెత్తి దణ్ణం పెట్టినాడు. ఏం చేస్తాడు మరి. నేను కాటా ముందర నిలబడి ఉండా, రాయి వేసినానో తీసినానో తెలీలే. ఆ సేటును గంగులమ్మ కాడికి పిల్చుకోని పోయినారు. ఆయమ్మ ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అడిగింది, "కిరీటం నిలబడిందా నాయనా నెత్తి మీద? ఎట్లుండె మనిషి?" ఆ సేటు పాపం, చింతపండు కొనేవాడు, వాడేం చెప్తాడు. "బాగుండె అమ్మా. పెద్దగా ఉండె" అన్నాడు.

మీ తాత ఆ మాట వినగానే మా ఆడోళ్ళ కాడికి పోయినాడు. నేను ఎనకాలే పోయినా. ఆ వరసకి పెద్ద ఈరమ్మ. "ఈరమ్మా, ఆ బెంగులూరు వారం మీరు సుత్తెలు యాల ఆపినారు? అంత బాగుండిందా ఆట?" ఈరమ్మ ఈయప్పకేమన్నా ఎండదెబ్బ తగిలిందా అన్నట్లు చూసింది. "ఆటా? ఆట ఎవరు సూసినారన్నా. ఆ వారం మామిడి జల్లు పడి బయట ఆరబెట్టిన కాయంతా నానిపోలేదా? మెత్తబడిన పండుకి సుత్తె వేస్తే పిప్పి అయిపోతాది. చేత్తో గింజ పీక్కుంటా కూర్చున్నాము. గింజ జారిపోతాంటే తల ఎత్తేదానికి తీరికెక్కడిది. ఆ మద్రాసు వారమే నయం, కొట్టుకుంటానే సూసినాము. తోలుబొమ్మలు బాగుండె." మీ తాత రాళ్ళ మధ్యనే కింద కూర్చునేసినాడు. అప్పుడు చెప్పినాడు నాకు, సుత్తెల సంగతి. చెప్పి, "మునిరత్నం, వాన పడింది నా మీదనే గదా. మిద్దె మీద తడిసింది నేనే గదా" అన్నాడు.

అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు వజీరూ. తడిసినాడు, చలికి వణికినాడు, మీ అవ్వ కషాయం పెట్టింది, అయినా కింద చింతకాయ తడుస్తాదని తట్టలే. చింతపండు మండీ గోడ పక్కన అన్నేండ్లు బతికినోడికి. నేను ఊళ్ళో ఉంటే చెప్పేవాణ్ణా? ఏం చెప్పేవాణ్ణి, సుత్తెలు వింటాండాడని నాకు తెలిస్తే గదా. ఈరమ్మకి తెలీదు, గోవిందస్వామి అడగలే, పూజారి మంచే చెప్పినాడు, చెంగల్రాయుడు చెప్పిందీ న్యాయమే. మరి ముందర చెప్పినవన్నీ ఎట్ల నిజమైనాయి? అవి కూడా ఎండా వానేనా? ఆ డాక్టరు కత... ఏమో. తలకాయ తిరిగిపోతాది ఆలోచిస్తే. ఆ బెంగులూరు ఆటలు చానావరకు వానకాలం రాకముందే పోయినాయి. పల్లె ఆటలు మాత్రం ఏండ్ల తరబడి వస్తానే ఉండె అని వాణియంబాడి సేటు వచ్చినప్పుడంతా చెప్పేవాడు. సిమెంటు పగలగొడదామని మీ తాత గడ్డపార తీసుకోని మిద్దెక్కినాడు. గోవిందస్వామే చెయ్యి పట్టుకోని దించినాడు, "ఒకసారి వేసిన ఆట మళ్ళీ వేస్తారా నిజామూ, దిగు" అని. ఆ దినం నుంచి మీ తాత ఏ ఆట గురించీ నోరు తెరవలే. టీ అంగడోడు అడిగి అడిగి విసుక్కున్నాడు.

తెలుగు వచ్చింది తర్వాత, డిష్షులు వచ్చినాయి, ఆ పైపు ఎవరికీ పనికిరాదు. దించుకో, నేను వద్దనను. గడ్డపార మా ఇంట్లోనే ఉండాది.

గంగులమ్మ మొగుడి వేషం చూడకుండానే పోయింది.