కుళాయి పాఠం

హెడ్‌మిస్ట్రెస్ కూర్చోమన్నా ఆ ప్లంబరు కూర్చోలేదు.

“నా కూతురు పానా పట్టకూడదనే నేను పట్టాను మేడమ్. ఆ కుళాయిల క్లాసులోంచి దాని పేరు తీసేయండి.”

“కుదరదండీ. ఈ ఏడాది నుంచి అందరికీ తప్పనిసరి, డాక్టరుగారి పిల్లలతో సహా.”

“నేర్పేదెవరు?”

“సైన్సు మాస్టారు. నిన్న పుస్తకం చూసి కుళాయి విప్పారు. బిగించడం చేతకాక నిలువెల్లా తడిసిపోయారు.”

“మరెవరు బిగించారు?”

“మీ అమ్మాయే. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మా నాన్న చేస్తుంటే చూశానంది, పిల్లలందరి ముందూ.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“వాషరు మార్చిందా, ఊరికే బిగించేసిందా?”

“ఊరికే బిగించినట్టుంది.”

“అయితే ఇవాళో రేపో మళ్లీ కారుతుంది. రేపు క్లాసు ఎన్నింటికో చెప్పండి, నా సంచీ తెచ్చుకుంటాను. మాస్టార్ని మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టండి.”