మీగడ లేని ఉలవచారు

"అమ్మమ్మగారూ, నాకు పాలవాసన, చేపలవాసన అస్సలు పడట్లేదండీ. డాక్టరుగారేమో ఒంట్లో రక్తం తక్కువుందంటున్నారు. మీ సునీతగారికి అప్పట్లో మీరు చేసిపెట్టిన సూపులు నాకూ చెప్తారా?"

దానికేం తల్లీ, చెప్తాను. ముందా స్టూలు లాక్కుని కూర్చో. గుమ్మం ఎక్కేసరికే ఆయాసపడుతున్నావు. ఎన్నో నెల? అయిదు వెళ్ళిందా? ఊఁ, కూర్చో.

సునీతంటే మా చిన్నకోడలు కదా. నువ్వీ వీధికి కాపరానికొచ్చి ఏడాదేగా, నీకు పూర్తిగా తెలీదు. ఇప్పుడు చూస్తే నమ్మవు గానీ, అప్పుడు మొహమంతా సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉండేది. బందరులో టీచరు. రోజూ గూడూరు నుంచి బస్సులో వెళ్ళొచ్చేది.

మాకప్పుడు రెండు గేదెలుండేవి. ఒకటి ఈనింది, దున్నదూడ. దున్నదూడని శ్రద్ధగా ఎవరు సాకుతారు చెప్పు? పోయింది. దూడ పోతే గేదె చేపదు, అంటే పాలు దించదన్నమాట. అందుకని మా పాలేరు ఆ దూడ తోలులో గడ్డి కుక్కి, కుట్టి, గేదె ముందు నిలబెట్టాడు. కొత్తేం కాదులే, దివిసీమలో మా పుట్టింట్లోనూ అలాగే చేసేవాళ్ళు, నా చిన్నప్పట్నించీ చూస్తున్నదే. ఆ పొద్దున సునీత కాఫీగ్లాసు పట్టుకుని పెరట్లోకొచ్చింది. గేదె ఆ గడ్డిబొమ్మని నాకుతా ఉంది. చాలాసేపు అలా చూస్తా నిలబడింది. గ్లాసు అరుగు మీద పెట్టేసి లోపలికెళ్ళిపోయింది.

అంతేనమ్మా. ఆ పూట నుంచి పాలు లేవు, పెరుగు లేదు, నెయ్యి లేదు. గుడ్డూ, చేపా, మాంసం కూడా మానేసింది. మావాడు నవ్వాడు, నాల్రోజులు పోతే తనే తింటుందిలే అన్నాడు. ఎక్కడ!

సరే, మానేస్తే మానేసింది. మానేసిందానికి బదులు ఇంకోటి తినాలా వద్దా? పచ్చడేసుకుని నాలుగు మెతుకులు తినడం, పాలు లేని టీ తాగడం, బస్సెక్కడం. దానికితోడు గర్భసంచిలో గడ్డ ఉందిట, మాకేం తెలుసు, నెలనెలా బాగా రక్తం పోయేది. ఓరోజు బోర్డు మీద లెక్క రాస్తా రాస్తా పడిపోయింది.

డాక్టరమ్మ దగ్గరికి నేనూ వెళ్ళాను. "గడ్డ తీసెయ్యాలి. ఇంత తక్కువ రక్తంతో ఆపరేషను చెయ్యలేను, ముందది పెరగాలి" అంది. బిళ్ళలు రాసింది. గుడ్లూ, లివరూ తినమంది. "అవి తప్ప ఇంకేమన్నా చెప్పండి మేడమ్" అంది మా పిల్ల. నేను భయపడ్డాను, ఈవిడ కసురుతుందేమోనని. కసరలేదు. "అయితే మునగాకు, తోటకూర, ఉలవలు, నువ్వులు తినమ్మా. వాటితో పాటు నిమ్మకాయో, ఉసిరికాయో, జామకాయో ఉండాలి. అప్పుడే ఆకుల్లో ఉండే ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం తాగకు" అని చెప్పింది. నా వైపు తిరిగి, "నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండకండి పెద్దమ్మగారూ, మరిగితే అందులో సారం పోతుంది" అంది.

ఇంతలో సాయానికని మా వదిన గుడివాడ నుంచి దిగింది. మా ఆయన అక్కగారు. మంచిమనిషే, చెయ్యి కూడా మంచిదే, వంటకి. సునీతంటే ప్రాణం. అదే వచ్చింది చిక్కు. ఓ సాయంత్రం ఉలవచారు కాచి గిన్నెలో పోసిచ్చింది. పిల్ల సగం తాగి ఆగిపోయింది.

"పెద్దమ్మగారూ, ఇందులో ఏం కలిపారండీ?"

"ఏం కలుపుతానమ్మా, ఉలవలే."

"నిజం చెప్పండి."

వదిన తల తిప్పేసుకుంది. మేకకాళ్ళు ఉడకబెట్టిన నీళ్ళు కలిపిందిట. "నీ మంచికేగా! ప్రాణం మీదకొచ్చాక ఇంకా పట్టింపులేంటి?" అని ఏడ్చింది కూడా.

సునీత లేచింది. గిన్నె కడిగి బోర్లించింది. మర్నాడు నేను లేచి చూద్దును కదా, వంటింట్లో తనే బియ్యం కడుగుతోంది. నిలబడలేక గ్యాసు గట్టుకి తల ఆనించుకుని ఉంది. "నేను చేస్తా జరుగమ్మా" అంటే, "వద్దత్తయ్యా, నాది నేను వండుకుంటా" అంది. ఆ మాట ఎక్కడ తగిలిందనుకున్నావు! ఇంట్లో ఇంతమందిమి ఉండి, పిల్ల మా చేతి ముద్ద నమ్మట్లేదు.

అప్పుడు వదినతో చెప్పేశాను. "వదినా, నువ్వు ప్రేమతోనే చేశావు, కాదన్ను. కానీ పిల్లకి ఏది పెడుతున్నామని చెప్తే అదే పెట్టాలి. ఇక పొయ్యి దగ్గరికి నేను తప్ప ఎవరూ రాకండి" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. మధ్యాహ్నం బస్సుకి గుడివాడ వెళ్ళిపోయింది. పొమ్మనలేదు, ఆపనూ లేదు.

సునీతకి వంటింట్లో కుర్చీ వేశాను. నువ్వు కూర్చుని చూడు, నీ కళ్ళముందే వేస్తాను అన్నాను. మొదట్లో ప్రతి గరిటె వంకా చూసేది, పాపం. పోనుపోను పరీక్ష పేపర్లు దిద్దుకుంటా కూర్చునేది, తలెత్తేదే కాదు. హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు విను, వంట సంగతి. ఉలవలు రాత్రి నానబెట్టుకో. బాగా నీళ్ళు పోసి మెత్తగా ఉడకబెట్టి ఆ నీళ్ళు వంచుకో. మా నాన్న హయాంలో ఉలవలు ఎద్దులకే ఉడకబెట్టేవాళ్ళు, ఆ వంచిన నీళ్ళే మాకు చారు. ఎద్దులకి గింజ, మాకు రసం! ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఉలవచారంటే ఎగబడుతున్నారు. ఆఁ, ఏం చెప్తున్నాను? గుప్పెడు గింజలు రుబ్బి అందులోనే కలుపు, చిక్కదనం వస్తుంది. ఉల్లిపాయ, టమాటా, కాస్త చింతపండు. పోపు నూనెతో పెట్టు. దింపబోయే ముందు లేత మునగాకు వెయ్యి. దింపాక, కాస్త ఆవిరి తగ్గాక, నిమ్మచెక్క పిండు. మీగడ లేకుండా ఉలవచారేంటని మావాడు గొణిగాడు గానీ, నేనూ అలాగే తాగాను పిల్లతో పాటు. బానే ఉంటుంది, నిమ్మకాయే దానికి అందం.

రోజూ అదే అయితే మొహం మొత్తుతుందిగా. ఓరోజు తోటకూర, పెసరపప్పు. ఓరోజు గోంగూర, కందిపప్పు పల్చగా. నల్లనువ్వులు వేయించి పొడి చేసి పైన చల్లేదాన్ని. తిన్నాక జామకాయ ముక్కలు.

నా చారుతోనే రక్తం పట్టిందని చెప్పను. బిళ్ళలు కూడా మానకుండా వేసుకుంది. నువ్వూ మానకు, తెలిసిందా? డాక్టరు చెప్పకుండా ఏదీ మానకు. మొత్తానికి పెరిగింది. గోళ్ళకి రంగొచ్చింది, మేడ మెట్లు ఆగకుండా ఎక్కేది. ఆపరేషనూ అయింది, బానే అయింది.

ఆసుపత్రిలో ఉండగా వదిన వచ్చింది, చేతిలో సంచితో. గుమ్మం దగ్గరే ఆగిపోయింది, లోపలికి రానా వద్దా అన్నట్టు. "అమ్మాయ్, మా పెరట్లో ఉసిరికాయలు. కొయ్యడం, తేవడం, అంతే. నేను కలపడానికి ఇందులో ఏం లేదే" అంది. సునీతకి నవ్వొచ్చింది. కుట్లు లాగుతున్నా నవ్వింది. "రండి పెద్దమ్మగారూ" అని ఓ కాయ తీసి అక్కడే కొరికింది. వదిన మంచం పక్కన కూర్చుని, పిల్ల పాదాలు నిమురుతా ఉండిపోయింది.

ఏంటీ, కళ్ళు తుడుచుకుంటున్నావు? పిచ్చిపిల్లా! లే, మీ అత్తగారు ఎదురుచూస్తుంటారు. పెరట్లో మునగ చిగురేసింది, రెండు రెబ్బలు తుంచుకెళ్ళు. పైకొమ్మ జోలికెళ్ళకు, మావాణ్ణి పిలుస్తాను వంచడానికి. తల్లీబిడ్డా ఇద్దరూ నిండుగా, ఆరోగ్యంగా ఇంటికి రావాలమ్మా. మెల్లిగా... గడప చూసుకుని దిగు.