నాలుగు ఖాళీలు లోపల

ధర్మవరం, 2005. బస్టాండు ఎదుట ఒక కంప్యూటర్ సెంటర్. అక్కడ పనిచేసే ఫర్హానా దగ్గరికి ఆమె తండ్రి నబీసాబ్, పట్టుచీరలు నేసే మనిషి, గోడ మీది కాగితం పీక్కొని వచ్చాడు.

"నన్ను లోపలికి యాల తోసినావు?"

"మెల్లగా నాయనా. నలుగురు కూచోనుండారు ఈడ."

"కూచోనీ! నేతగాళ్ళ సొసైటీ గోడ మింద ఊరంతా చూసింది, ఈ నలుగురు చూస్తే ఏం పోతాది? ఇదిగో. గురుమూర్తి సావుకారు పేరు అంచుకు ఉండాది. నా పేరు యాడుండాది?"

"దాని కింద."

"కింద ఒక్కటేనా? లోపలికి. ఇంత లోపలికి! సావుకారు చంకలో పిల్లోని మాదిరి. యల్లప్ప చదివి నగుతాండాడు. 'ఏమబ్బా నబీసాబూ, మగ్గం మీ నాయనదంటివే, సావుకారు ఇంట్లోకి ఎప్పుడు చేరినావు' అని."

"యల్లప్ప మామది ఎట్లుండాది?"

"వానిది అంచుకే! మొన్న మొన్న మగ్గం ఏసినోడు అంచుకుండాడు, నేను లోపల. ఈ కాగితం చేసింది నా కూతురంట. అది గూడా వాడే చెప్పినాడు."

"చేసింది నేనే. తోసింది నేను కాదు."

"మల్ల ఎవరు?"

"ఇను. చేనేత ఆఫీసోళ్ళు మగ్గాల సర్వే ఫైలు ఒకటి ఇచ్చినారు. ఎక్స్‌ఎంఎల్ అంటారు. మగ్గం ఎవరిది, దాని మింద నేసేది ఎవరు, అన్నీ గుర్తులేసి రాసుంటారు. వెయ్యి పేర్లు, అంతా ఒకటే వరుస. దాన్ని అట్లే పేజీలో పెడితే ఆ గుర్తులు ఒక్కటీ కనపడవు, పేర్లన్నీ కుప్ప పడతాయి..."

"నాకు కంప్యూటర్ చెప్పొద్దు."

"చెప్తా. ఇనాల నువ్వు. మూడు దినాలు కూచోని ఆ గుర్తులు కనపడేట్ల చేసినా. ఎవరి లోపల ఎవరుండారో వాళ్ళని నాలుగు ఖాళీలు లోపలికి జరిపినా. అందరూ చూసి తప్పులుంటే చెప్పాలని సొసైటీవాళ్ళు అచ్చు తీసి గోడకు అంటించినారు. అంతే."

"జరిపినా అంటాండావు గదా! నీ నోటితోనే!"

"ఫైల్లో ఉండేదాన్నే జరిపినా! కుప్పలో ఉన్నప్పుడు గూడా నువ్వు సావుకారు లోపలే ఉంటివి. ఎవరికీ కనపడకుండా ఉంటివి, అంతే తేడా."

"కనపడకుండానే ఉండనియ్యాల్సింది. పరువన్నా మిగిలేది."

"పరువు మిగిలేది, మగ్గం పోయేది. సోమవారం ఆఫీసరు వచ్చి సంతకం పెడతాడు. పెడితే ఆ మగ్గానికి సర్కారు కార్డు సావుకారు పేరుతో వస్తాది. ఆమీట మగ్గం నాదని చెప్పుకునేకి నీ దగ్గర ఏముంటాది?"

"అందుకే గదా వచ్చినా! తీసెయ్ ఆ ఖాళీలు. అంచుకు లాగు నన్ను."

"లాగినా..."

"లాగు అంటే లాగు! ఎంతసేపు పని?"

"నిమిషం పట్టదు. పేజీలో జరుగుతావు, ఫైల్లో జరగవు. నీ కండ్లకు అంచుకు కనపడతావు, కార్డు మాత్రం వాళ్ళింటికే పోతాది. అట్ల మోసం చేసేకి నా చేతగాదు."

"అయితే ఆ ఫైల్లోనే మార్చు."

"అది ఆఫీసోళ్ళది. దాంట్లో చెయ్యి పెడితే ఈ సెంటర్ నడిపే కృష్ణకాంత్ సారు ఈ పొద్దే నన్ను ఇంటికి పంపిస్తాడు. పంపించాల్సిందే."

"సరే. సావుకారు దగ్గరికే పోతా. ఆ మగ్గం గుంత తవ్వింది మా నాయన. ముప్పై ఏండ్లుగా దాంట్లో కాళ్ళు పెట్టుకోని కూచున్నా. మోకాళ్ళు పోయినాయి, కండ్లు పోయినాయి. పట్టు ఇచ్చినంత మాత్రాన మగ్గం వాడిదా? అంగడి ముందర నిలబెట్టి అడుగుతా. చొక్కా పట్టుకోని అడుగుతా!"

"సావుకారు రాయించలేదు నాయనా."

"వాడు గాకపోతే ఎవడు?"

"వద్దులే. కూచో. నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు! ఎవడు?"

"సర్వే చేసేటాయన బత్తలపల్లి నుంచి వచ్చినాడు. మన వీధి మనిషి కాదు, ఆయనకు ఈడ ఎవరూ తెలీదు. నువ్వు ఆ పొద్దు చీర ఇచ్చేకి అంగడికి పోయింటివి. ఇంట్లో అమ్మ ఒక్కతే."

"ఉంటే?"

"మగ్గం ఎవరి పేరుతో ఉండాదమ్మా అని అడిగినాడు."

"నా పేరు చెప్పాల."

"చెప్పలేదు."

"యాల?"

"అమ్మ నీ పేరు పలుకుతాదా? 'ఆయప్ప' అంటాది, 'ఫర్హానా వాళ్ళ నాయన' అంటాది. మగ్గానికి తగిలించిన, సావుకారిచ్చే పట్టు లెక్క రాసే పుస్తకం తీసి, పేరు దీంట్లో ఉండాది రాసుకోమని ఇచ్చింది. అట్ట మింద ఉండేది సావుకారు పేరు, పెద్దక్షరాలతో. మగ్గం ఆయనదని రాసినాడు. లోపల పేజీలో నీ పేరుండె. నేసేది నువ్వని రాసినాడు. అమ్మకు చదువొస్తే గదా తెలిసేకి."

"యా అల్లా..."

"మన ఒక్కరిదే కాదు. మన వీధిలో పదిహేడు ఇండ్లు ఇట్లే అయినాయి. నరసక్క గూడా పుస్తకమే ఇచ్చింది, సుబ్బమ్మ గూడా. యల్లప్ప మామ ఆ పొద్దు జ్వరమని ఇంట్లోనే ఉండె. ఆయన పేరు ఆయనే చెప్పుకున్నాడు."

"ఒక పేరు! ఒక్క పేరు నోట్లో నుంచి రాలేదా మీయమ్మకు? పలికితే నోరు పడిపోతాదా? మగ్గాన్ని ఎత్తి వాని చేతిలో పెట్టింది గదా! ఉండు, ఇంటికి పోయి అడుగుతా."

"అమ్మను ఏమీ అడగొద్దు నువ్వు."

"నువ్వెవరే నాకు చెప్పేకి?"

"అడిగితే మగ్గం వస్తాదా?"

"రాదు... రాదు. దిద్దే దారే లేదా?"

"ఉండాది. ఆ పొద్దు చెప్పినోళ్ళే ఆఫీసుకు రావాల. నలుగురి ముందర నిలబడి, మగ్గం ఫలానా ఆయనదని నోటితో చెప్పి, వేలిముద్ర వెయ్యాల. సోమవారం లోపల. వాళ్ళు ఫైల్లో మారిస్తే ఈడ పేజీలో నువ్వే అంచుకు వస్తావు."

"అంతేనా? ఈ మాట మొదుట్లోనే చెప్పొచ్చు గదా! రేపే తీస్కపోతా మీయమ్మను. నిలబడి చెప్తాది. నబీసాబ్. అయిపోయె. దాంట్లో సిగ్గెందుకు?"

"చెప్పదు."

"నేను చెప్పమంటే చెప్పదా? ఇన్నేండ్లలో నా మాట ఒక్కటన్నా దాటిందా?"

"దాటలేదు. అందుకే చెప్పదు."

"ఏం మాట్లాడతాండావే నువ్వు?"

"పోయినేడు నీకు తెలివి తప్పితే అమ్మే ఆస్పత్రికి తీసుకపోయింది. చీటీ రాసే నర్సు అడిగితే, భయానికి, నలుగురిలో నీ పేరు చెప్పింది. గట్టిగా చెప్పింది. నువ్వు బాగై ఇంటికొచ్చినాక, మొగుని పేరు పలుకుతావా అని అమ్మ చెంప పగలగొట్టింది ఎవరు నాయనా?"